చిన్న ట్రాక్టరు: కొత్తది కొనాలా, పాతది కొనాలా?



ఎద్దును కొనడానికి ఆవని జాతరకు పోయిన రైతు ఏం చేస్తాడు? ముందు నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. సుళ్ళు చూస్తాడు, గిట్టలు చూస్తాడు. నాలుగడుగులు నడిపిస్తాడు. అమ్మేవాడు ఎంత తీపిగా మాట్లాడినా తన కంటితో చూసుకోనిదే తాడు పట్టుకోడు. అదే రైతు ఎద్దు ధరకు నాలుగైదు రెట్లు పెట్టి ట్రాక్టరు కొనేటప్పుడు మాత్రం రంగు చూసి, టైర్లు చూసి, "బావమరిది కూడా ఇదే కొన్నాడు" అని అడ్వాన్సు ఇచ్చి వస్తాడు. ఈ రోజు ఆ విషయమే మాట్లాడుకుందాం. కోలారు జిల్లాలో ఐదారు ఎకరాల రైతు చిన్న ట్రాక్టరు కొనాలనుకుంటే కొత్తది మేలా, పాతది మేలా? అసలు కొనడమే మేలా, బాడుగకు పిలిపించుకోవడం మేలా? వీలుంటే ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. మధ్యలో కొంచెం లెక్క ఉంది.

ముందుగా, చిన్న ట్రాక్టరు అంటే ఏది? సాధారణంగా 15 మొదలు 30 హార్స్ పవర్ లోపు వాటిని చిన్న ట్రాక్టర్లు అంటున్నాం. మన జిల్లాకు ఇవి బాగా కుదిరాయి. కారణం మన పంటలే. పెద్ద నది లేదు, కాలువ లేదు. వాన ఏటా 70 సెంటీమీటర్ల పైచిలుకు. చెరువు కింద, బోరు కింద ఉన్న కొద్దిపాటి నేలలో మల్బరీ, టమోటా, కూరగాయలు. మెరకలో రాగి. శ్రీనివాసపురం వైపు మామిడి తోటలు. ఇవన్నీ సందులో దూరి చేసే సేద్యాలు. జంట సాళ్ళ మల్బరీలో రెండు సాళ్ళ మధ్య 3 అడుగులు, జంటకూ జంటకూ మధ్య 5 అడుగులు వదులుతాం. ఆ 5 అడుగుల సందులోకి 45 హార్స్ పవర్ పెద్ద బండి పోలేదు. 3, మూడున్నర అడుగుల వెడల్పున్న చిన్న బండి పోతుంది. మామిడి తోటలో కొమ్మలు వంగి ఉన్న చోటా ఇదే మాట.

ఈ రకం యంత్రాలు మనకు కొత్తవి కావు. 1967లో మొదలైన వి.ఎస్.టి. టిల్లర్స్ ట్రాక్టర్స్ కంపెనీది బెంగళూరే. దాని కర్మాగారం ఒకటి మన మాలూరులోనే ఉంది. ఆ కంపెనీ మిత్సుబిషి శక్తి పవర్ టిల్లరును, 18.5 హార్స్ పవర్ చిన్న ట్రాక్టరును మన రైతులు చాలాకాలంగా ఎరుగుదురు. తర్వాత మహీంద్రా వారి యువరాజ్ 15 హార్స్ పవర్‌తో, జీవో 24 హార్స్ పవర్‌తో వచ్చాయి. స్వరాజ్, కుబోటా, సోనాలికా, మాసీ ఫెర్గూసన్, జాన్ డీర్ కంపెనీలూ చిన్న బండ్లు తెచ్చాయి. ఇన్నేళ్ళుగా అమ్ముడుపోయినవి ఇప్పుడు చేతులు మారుతున్నాయి. అందువల్ల ఈ ప్రశ్న ఊరూరా వస్తోంది.

కొత్తదా, పాతదా అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న వేరే ఉంది: ఏడాదిలో మీ ట్రాక్టరు ఎన్ని గంటలు పనిచేస్తుంది? ట్రాక్టరు విషయంలో అన్నీ ఈ గంటల మీదే ఆధారపడి ఉంటాయి.

ఒక రైతును తీసుకుందాం. బేతమంగళం దగ్గర ఆయనకు 7 ఎకరాలు అనుకుందాం. 2 ఎకరాల మల్బరీ, 1 ఎకరా టమోటా, 2 ఎకరాల రాగి, 2 ఎకరాల మామిడి. మల్బరీ ఏడాదికి 5 కోతలు. ప్రతి కోత తర్వాత ఎకరాకు రెండేసి గంటల చొప్పున రెండుసార్లు సేద్యం చేస్తే 40 గంటలు. టమోటా రెండు పంటలు. దుక్కి, రోటవేటరు, బోదెలు అన్నీ కలిపి పంటకు 8 గంటలు, అంటే 16. రాగికి 10. మామిడికి మందు కొట్టడానికి 10. ఎరువు, ఆకు తోలడానికి 20. మొత్తం ఎంతయింది? 96 గంటలు. 7 ఎకరాల రైతు ఏడాది పొడుగునా సేద్యం చేస్తే వంద గంటలు కూడా నిండలేదు. మీ పొలానికి మీరే ఇలా లెక్క వేసుకోండి. చాలామందికి ఈ సంఖ్య వినగానే ఆశ్చర్యం వేస్తుంది. బండి మన ఇంటి ముందు ఉంటే రోజూ పని ఉంటుందనిపిస్తుంది. కాగితం మీద పెడితే అంత పని కనబడదు.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. నేను చెప్పే ధరలు లెక్క కోసం తీసుకున్నవి. మీ ఊళ్ళో ధర ఎంతో అడిగి, ఆ అంకె పెట్టి ఇదే లెక్క మళ్ళీ వేసుకోండి.

కొత్త బండి, 24 హార్స్ పవర్, ధర 5,50,000 రూపాయలు అనుకుందాం. 8 ఏళ్ళు వాడి అమ్మితే 2,30,000 వస్తుందనుకుందాం. తరుగు 3,20,000. దాన్ని 8 ఏళ్ళకు పంచితే ఏటా 40,000. ఇక వడ్డీ. మొదటి విలువ, చివరి విలువ రెండింటి సగటు 3,90,000. దాని మీద నూటికి 10 చొప్పున ఏటా 39,000. బీమా 6,000. సర్వీసు, చిన్న రిపేర్లు 10,000. అన్నీ కలిపితే ఏటా 95,000 రూపాయలు. ఇందులో డీజిలు లేదు. బండి షెడ్డులో నిలబడి ఉన్నా ఈ ఖర్చులో చాలావరకు తప్పదు.

పాత బండి, అదే రకం, ధర 3,00,000 అనుకుందాం. తెచ్చిన వెంటనే టైర్లు, క్లచ్చి, బ్యాటరీ అంటూ ఇంకో 50,000. అంటే 3,50,000. 8 ఏళ్ళ తర్వాత 1,10,000 వస్తుందనుకుంటే తరుగు 2,40,000, ఏటా 30,000. పాత బండి అప్పుకు వడ్డీ సాధారణంగా ఎక్కువ. సగటు విలువ 2,30,000 మీద నూటికి 13 చొప్పున దాదాపు 30,000. బీమా 4,000. రిపేర్లు 25,000. మొత్తం 89,000.

చూశారా? కొనేటప్పుడు రెండింటికీ రెండున్నర లక్షల తేడా కనబడింది. ఏడాది లెక్కలోకి వచ్చేసరికి తేడా 6,000, అంటే నెలకు 500 రూపాయలు. అప్పు తెచ్చి పాత బండి కొన్నవారికి దక్కే లాభం ఇంతే. అదే మూడున్నర లక్షలు చేతిలో ఉండి, అప్పు లేకుండా కొన్నారనుకోండి. ఆ డబ్బు బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీ నూటికి 7 అనుకుంటే 16,000 మాత్రమే పోతుంది. అప్పుడు ఏటా ఖర్చు 75,000కు దిగుతుంది. కాబట్టి ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి. పాత బండి సొంత డబ్బుతో కొంటేనే చవక. అప్పుతో కొంటే చవక అనిపిస్తుంది, అంతే.

ఇప్పుడు బాడుగతో పోల్చండి. బాడుగ గంటకు 1,000 రూపాయలు, మన బండికి గంటకు డీజిలు 250 అనుకుందాం. గంటకు మిగిలేది 750. కొత్త బండి ఖర్చు 95,000ను 750తో భాగిస్తే దాదాపు 127 గంటలు. అప్పుతో కొన్న పాత బండికి 119. సొంత డబ్బుతో కొన్న పాత బండికి 100. అంతకంటే తక్కువ గంటలు పనిచేస్తే బాడుగే మేలు. మన 7 ఎకరాల రైతుకు ఉన్నవి 96 గంటలు. ఆయన కొత్త బండి కొంటే నష్టం. సొంత డబ్బుతో పాతది కొంటే దాదాపు సరికి సరి. పైగా తోలేది తానే అనుకున్నాం. డ్రైవరును పెట్టుకుంటే లెక్క ఇంకా మారుతుంది.

ఇక్కడ ఒక సవరణ చెప్పాలి. గంటకు గంట సరితూగదు. బయలు చేనులో పెద్ద బండి 6 అడుగుల రోటవేటరుతో గంటలో చేసే పనికి 4 అడుగుల రోటవేటరున్న చిన్న బండికి రెండు గంటలు పట్టవచ్చు. కాబట్టి రాగి చేనుకు బాడుగ పెద్ద బండితో పోలిస్తే చిన్న బండి ఓడిపోతుంది. మల్బరీ సాళ్ళలో అయితే పెద్ద బండి రానే రాదు. అక్కడ పోలిక పవర్ టిల్లరుతోనో, కూలీలతోనో. సాళ్ళ సేద్యం ఎక్కువున్నవారికి చిన్న బండి విలువ ఎక్కువ. బయలు సేద్యం ఎక్కువున్నవారికి తక్కువ.

మరి గంటలు చాలకపోతే కొనకూడదా? దానికి రెండు దారులున్నాయి. ఒకటి, అన్నదమ్ములో, పక్క పొలాల వాళ్ళో ఇద్దరు ముగ్గురు కలిసి కొనడం. కలిసి కొంటే ముందే ఒక కాగితం రాసుకోండి. రిజిస్ట్రేషను ఎవరి పేరున, రిపేరు ఖర్చు ఎలా పంచుకోవాలి, ఒకే రోజు ఇద్దరికీ కావాలంటే ఎవరిది ముందు, ఒకరు విడిపోతే వారి వాటా ఎంత. అన్నదమ్ముల మధ్య కాగితమేమిటి అంటారు. అన్నదమ్ములుగా ఉండిపోవడానికే ఆ కాగితం. రెండో దారి, మీరే ఊళ్ళో బాడుగకు తోలడం. అప్పుడు గంటలు పెరుగుతాయి. కాని మీ ఊళ్ళో ఇప్పటికే ఎన్ని చిన్న బండ్లు ఉన్నాయి, ఎంతమంది బాడుగ డబ్బు వెంటనే ఇస్తారు అన్నది చూసుకొని దిగండి. పంట అమ్మాక ఇస్తామనేవాళ్ళే ఎక్కువైతే మీ బ్యాంకు వాయిదా ఆగదు కదా. కర్ణాటకలో 2014-15 నుంచి కృషి యంత్రధారె పేరుతో హోబళీల్లో బాడుగ కేంద్రాలు కూడా నడుస్తున్నాయి. అక్కడి రేటు ముందు కనుక్కోండి.

సరే, గంటలు ఉన్నాయి, కొనాలని నిర్ణయించుకున్నారు. కొత్తది ఎవరికి?

ఏడాదికి 200 గంటలకు మించి పని ఉన్నవారికి కొత్తది మేలు. రెండోది, పని ఒక్క రోజు ఆగినా నష్టపోయేవారికి. పట్టుపురుగులు మేపేవారికి ఇది బాగా తెలుసు. పురుగు మొత్తం జీవితంలో తినే ఆకులో నూటికి 80 పాళ్ళకు పైగా నాలుగో జ్వరం లేచిన తర్వాతే తింటుంది. ఆ వారం రోజులు ఆకు తోలే బండి గేరుబాక్సు విరిగి షెడ్డులో పడితే, నష్టం రిపేరు బిల్లులో కనబడదు, గూళ్ళ తూకంలో కనబడుతుంది. ఇంట్లో ఆడవాళ్ళు రాత్రింబగళ్ళు మేలుకొని పెంచిన పంట అది. అందుకే బండి కొనే లెక్కలో వాళ్ళనూ కూర్చోబెట్టుకోండి. ఏ రోజు బండి తప్పనిసరో వాళ్ళకే బాగా తెలుసు. మూడోది, రాయితీ దొరికేవారికి. ప్రభుత్వ రాయితీలు కొత్త యంత్రాలకే, పాత బండికి రావు. కర్ణాటకలో భూమి ఉన్నవారు మీ హోబళీ రైత సంపర్క కేంద్రంలో, ఉద్యాన శాఖ కార్యాలయంలో అడగండి. ఫ్రూట్స్ నంబరు, పహాణీ, ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకుపోండి. భూమి ఆంధ్ర వైపు, కుప్పం, పుంగనూరు, పలమనేరు వైపు ఉంటే అక్కడి రైతు సేవా కేంద్రంలో అడగాలి. ఇల్లు ఇటు, భూమి అటు ఉన్నవారికి భూమి ఉన్న చోటే అర్హత. రాయితీ మంజూరు పత్రం చేతికి రాకముందే డబ్బు కట్టి బండి తెచ్చుకోకండి. తర్వాత వస్తుందని ఎవరు చెప్పినా నమ్మకండి.

ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త ట్రాక్టరు మీద జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను లేని ధర 5 లక్షలైతే అంతకుముందు 5,60,000 పడేది, ఆ తర్వాత 5,25,000. అంటే 35,000 తేడా. ట్రాక్టరు టైర్ల మీద పన్ను కూడా 18 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత బండి అమ్మేవారు "నేను కొన్నప్పుడు ఇంత పెట్టాను" అని పాత ధర చెబుతారు. మీరు బేరం ఆడవలసింది ఈ రోజు కొత్త బండి ధరతో.

పాతది ఎవరికి? గంటలు వంద, నూటయాభై మధ్య ఉన్నవారికి, చేతిలో సొంత డబ్బు ఉన్నవారికి, కొంచెం రెంచీ పని తెలిసినవారికి, దగ్గర్లో నమ్మకమైన మెకానిక్కు ఉన్నవారికి. బండి వయసు, పనిచేసిన గంటలు, మొదటి యజమాని పని ఏమిటి అన్నవి చూడాలి. మామిడి తోటలో మందు కొట్టిన బండి వేరు, ఇటుకల బట్టీకి ట్రాలీ లాగిన బండి వేరు, దమ్ములో దిగిన బండి వేరు. బురదలో దిగిన బండికి ఇరుసు సీళ్ళలోంచి నీరు, మట్టి లోపలికి చేరి ఉండవచ్చు. మీటరు అంకెను గుడ్డిగా నమ్మవద్దు. వైరుతో నడిచే పాత మీటరు ఇంజను ఒక నిర్ణీత వేగంతో తిరిగినప్పుడే సరైన గంట చూపిస్తుంది. మెల్లగా తిరిగితే తక్కువ చూపిస్తుంది. వైరు తెగితే అసలే ఆగిపోతుంది. కాలు పెట్టే పెడలు అరుగుదల, స్టీరింగు, సీటు, మూడు పాయింట్ల లింకుల రంధ్రాలు మీటరు కంటే నిజం చెబుతాయి.

పాత బండిని ఎలా చూడాలో వరుసగా చెబుతాను.

మొదట, ఇంజను చల్లగా ఉన్నప్పుడు పోండి. ముందే ఫోను చేసి "స్టార్టు చేయవద్దు" అని చెప్పండి. పోగానే ఇంజను మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే చల్లగా ఉన్నప్పుడు స్టార్టు కావడం లేదేమో అని అనుమానించండి. రేడియేటరు మూత తీసి చూడండి. నూనె తెట్టు కనబడినా, ఇంజను ఆయిలు కొలిచే పుల్ల మీద పాల రంగు కనబడినా నీరు, ఆయిలు కలుస్తున్నాయని అర్థం. అది పెద్ద ఖర్చు. తర్వాత స్టార్టు చేయించండి. మొదట కొంచెం పొగ రావడం మామూలే. వేడెక్కాక కూడా నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోంది. బరువు లాగకుండానే నల్ల పొగ వస్తే నాజిలు, పంపు, గాలి ఫిల్టరు చూడాలి. తెల్ల పొగ ఆగకపోతే నీరు లోపలికి పోతోందేమో, కంప్రెషను తగ్గిందేమో చూడాలి. ఇంజను తిరుగుతుండగా ఆయిలు పోసే మూత తీయండి. రైలింజను లాగా గుప్పుగుప్పున పొగ తన్నితే పిస్టను రింగులు, లైనరు అరిగాయన్నమాట.

రెండు, గేర్లు, క్లచ్చి. అన్ని గేర్లూ, వెనక్కి పోయే గేరుతో సహా, వేసి తోలండి. బరువుతో లాగేటప్పుడు గేరు తనంతట జారిపోతే లోపల అరుగుదల ఉంది. పి.టి.ఓ. వేసి రోటవేటరు తగిలించి చేనులో పావుగంట తోలించండి. రోడ్డు మీద తిప్పి చూపిస్తే చాలదు.

మూడు, హైడ్రాలిక్కు. రోటవేటరునో, మడకనో పైకెత్తి ఇంజను ఆపండి. టీ తాగి రండి. పది నిమిషాల్లో అది నేల మీదికి దిగిపోతే సీళ్ళో, వాల్వో, పంపో పోయినట్టు.

నాలుగు, ముందు ఇరుసు. జాకీ పెట్టి ముందు చక్రాలు పట్టుకొని ఊపండి. ఆట ఎక్కువుంటే కింగు పిన్నులు, బేరింగులు అరిగాయి. నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే ముందు గేరు దగ్గర ఆయిలు కారుతోందేమో చూడండి. అలాంటి బండికి ముందు టైర్లు, వెనక టైర్లు కంపెనీ చెప్పిన కొలతలోనే ఉండాలి. ఎవరో చవగ్గా దొరికాయని వేరే సైజు వేసి ఉంటే, ముందు చక్రాలు ఒక వేగం, వెనక చక్రాలు ఒక వేగంతో గుంజి గేర్లు తినేస్తాయి.

ఐదు, బ్రేకులు. కోలారు మార్కెట్టుకు టమోటా తోలేవారు ఇది జాగ్రత్తగా వినండి. పెట్టె 15 కిలోలు. వంద పెట్టెలంటే 15 క్వింటాళ్ళు. 15 హార్స్ పవర్ చిన్న బండి బరువే సుమారు 8 క్వింటాళ్ళు. దాని వెనక ట్రాలీ బరువు, సరుకు బరువు చేరి దిగుడులో నెట్టుకొస్తుంటే ముందున్న బండి ఆపలేదు. చిన్న ట్రాక్టరును ప్రధానంగా చేనులో పనికే కొనండి. పి.టి.ఓ. షాఫ్టు మీద మూత లేకపోతే మూత వేయించాకే పని మొదలుపెట్టండి. పంచె కొంగు, చీర కొంగు చాలు మనిషిని లాగెయ్యడానికి.

ఇవన్నీ మీకు తెలియకపోతే తెలిసినవారిని వెంట తీసుకుపోండి. కె.జి.ఎఫ్. చుట్టుపక్కల ఉన్నవారికి ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది. బి.ఇ.ఎం.ఎల్. కర్మాగారం బుల్‌డోజర్లు, ఎక్స్‌కవేటర్లు చేసే చోటు. అక్కడ పనిచేసి రిటైరైనవారు రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట ప్రాంతాల్లో ఉన్నారు. డీజిలు ఇంజను, హైడ్రాలిక్కు వాళ్ళకు చేతి విద్య. ఒక పూట కూలి, బస్సు ఛార్జీ ఇచ్చి పిలుచుకుపోతే లక్ష రూపాయల పొరపాటు తప్పవచ్చు. అమ్మేవారి మెకానిక్కు మాట మాత్రం లెక్కలోకి తీసుకోకండి.

విడిభాగాల సంగతీ ముందే చూసుకోవాలి. కొనకముందే బంగారుపేటలోనో, ముళబాగిలులోనో స్పేరు పార్టుల అంగడికి పోయి ఆ మోడలు పేరు చెప్పి క్లచ్చి ప్లేటు, హైడ్రాలిక్ పంపు, ముందు ఇరుసు సీళ్ళు దొరుకుతాయా, ఎన్ని రోజుల్లో తెప్పిస్తారు అని అడగండి. కంపెనీ ఎంత పెద్దదైనా మూతపడితే పార్టుల కోసం తిరగాలి. ఎచ్.ఎం.టి. 2511 అనే 25 హార్స్ పవర్ బండి ఒకప్పుడు పేరున్నదే. ఆ కంపెనీ ట్రాక్టరు విభాగాన్ని మూసివేయడానికి 2016లో కేంద్ర ప్రభుత్వం ఒప్పుకుంది. అలాంటి బండి బాగున్నా, పార్టుల దారి తెలిశాకే కొనాలి.

ఇక కాగితాలు. మన జిల్లా రెండు రాష్ట్రాల సరిహద్దులో ఉంది. ఇటు చిత్తూరు, అటు కృష్ణగిరి. బండి సరిహద్దు దాటి రావడం రోజూ జరిగేదే. బండి వచ్చినంత సులభంగా కాగితం రాదు. కోలారు బండ్లకు కె.ఎ.07, కె.జి.ఎఫ్. బండ్లకు కె.ఎ.08 నంబరు. ఆంధ్ర నంబరో, తమిళనాడు నంబరో ఉన్న బండి కొంటే, ముందు అక్కడి ఆర్.టి.ఓ. నుంచి ఫారం 28 మీద అభ్యంతరం లేదన్న పత్రం, అంటే ఎన్.ఓ.సి. తేవాలి. యజమాని మార్పుకు ఫారం 29, ఫారం 30. బండి మీద బ్యాంకు అప్పు ఉండి తీరిపోయి ఉంటే ఫారం 35 మీద బ్యాంకు సంతకం. అప్పు తీరలేదంటే ఆ బండి అమ్మినవాడిది కాదు, బ్యాంకుది అనుకోండి.

ఈ కాగితాలు అమ్మేవారి బాధ్యత అని కూర్చోవద్దు. మోటారు వాహనాల చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవారు 14 రోజుల్లో, వేరే రాష్ట్రం బండి అయితే 45 రోజుల్లో తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలి. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. పేరు మార్చకపోతే ఏమవుతుంది? ప్రమాదం జరిగితే తెలుస్తుంది. పుస్తకంలో ఎవరి పేరుంటే వారే యజమాని, పరిహారం బాధ్యత వారిదే అని 2018లో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టం చేసింది. అంటే అమ్మి డబ్బు తీసుకొని మరచిపోయిన రైతు మీద నాలుగేళ్ళ తర్వాత కూడా కేసు రావచ్చు. కాబట్టి ఈ మాట కొనేవారికే కాదు, అమ్మేవారికీ వర్తిస్తుంది. కొన్నవారు బీమాను కూడా 14 రోజుల్లోగా తమ పేరుకు మార్పించుకోవాలి.

ఛాసీ నంబరు, ఇంజను నంబరు పుస్తకంలోని నంబర్లతో సరిచూడండి. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు పడుతుంది, అది దగ్గర పెట్టుకోండి. రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు చేస్తారు. ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేసి ఏళ్ళకు పొడిగించుకోవాలి. 14 ఏళ్ళ బండి చవగ్గా వస్తోందంటే ఆ ఖర్చూ కలుపుకోండి. పూర్తి డబ్బు ఒకేసారి ఇవ్వకండి. కొంత ఆపి, కాగితాలు మీ పేరుకు మారిన రోజు ఇస్తామని రాసుకోండి. నిజాయితీగా అమ్మేవారు దీనికి కాదనరు.

కొత్తది కొనేవారికి కూడా రెండు జాగ్రత్తలు. హార్స్ పవర్ అంకె ఒక్కటే చూడకండి. పి.టి.ఓ. దగ్గర ఎంత శక్తి అందుతుంది, ఎంత బరువు ఎత్తుతుంది, మీ సాళ్ళ వెడల్పుకు చక్రాల మధ్య దూరం సరిపోతుందా అడగండి. మధ్యప్రదేశ్‌లోని బుధనీలో ప్రభుత్వ ట్రాక్టరు పరీక్షా సంస్థ ఉంది. ఆ సంస్థ పరీక్షించిన మోడలు అయితే నివేదిక చూపించమని డీలరును అడగవచ్చు. వీలైతే బండిని మీ తోటలోకే తెప్పించి ఒక సాలు తోలించి చూడండి. నడపడం, చూసుకోవడం నేర్చుకోవాలనుకునే యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది. సలహా కావాలంటే కోలారు పక్కనే టమకలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది.

చివరిగా ఒక మాట. మన కె.జి.ఎఫ్. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. లోపల బంగారం పూర్తిగా అయిపోయి మూతపడలేదు. మిగిలిన బంగారాన్ని పైకి తెచ్చే ఖర్చు, దాని ధరను మించిపోయింది. ఎంత పెద్ద యంత్రాలున్నా ఆ లెక్క ముందు నిలబడలేదు. మన ఇంటి ముందు నిలబడే చిన్న ట్రాక్టరుకూ అదే లెక్క. ముందు గంటలు లెక్కపెట్టండి. వందకు లోపుంటే బాడుగ, లేదా పదిమందితో పొత్తు. వంద, నూటయాభై మధ్య ఉండి సొంత డబ్బు, మంచి మెకానిక్కు ఉంటే చూసి కొన్న పాత బండి. రెండు వందలు దాటితే, రాయితీ దొరికితే కొత్త బండి. మధ్యలో ఉన్నవారు రెండు లెక్కలూ వేసి చూసుకోండి. భూమి తాకట్టు పెట్టి తెచ్చిన బండి ఆ భూమిని కాపాడాలి కాని, దాన్ని మింగకూడదు.

ఈ ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చొని ఆ గంటల లెక్క ఒక్కటి వేసి చూడండి. బండి కోసం బయలుదేరడం ఆ తర్వాత.